షోకేసులో వాల్వు

రిటైర్మెంటు కానుకగా ఏం కావాలని కోడలు అడిగితే ఆపరేటరమ్మ చెప్పిన జవాబు విని, భోజనాల బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా కంచాల్లో పెట్టిన చేతులు పెట్టినట్టే ఉండిపోయారు. పోయిన వారం మనం వాళ్లని వదిలింది అక్కడే.

ఆయిల్ పైపులైను కంపెనీ కంట్రోల్ రూములో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆవిడ. జీవితంలో సగానికి పైగా ఆ గదిలోనే గడిచింది. ఈ నెలాఖరుకి దిగిపోతోంది. కంపెనీ అలవాటు ప్రకారం మూడు వస్తువులు ముందు పెట్టింది: చేతి గడియారం, చక్రాల సూట్‌కేసు, వెండి పళ్లెం. అదే కంపెనీలో సంక్షేమ విభాగంలో పనిచేసే కోడలు, ఫోన్లో ఫొటోలు చూపిస్తూ "ఏది రాయమంటారు అత్తయ్యా?" అంది.

"ఆ మూడూ వద్దు. మీ నాన్నగారి షోకేసులో ఉన్న బంగారు వాల్వు కావాలి" అంది ఆపరేటరమ్మ.

కోడలి తండ్రి ఒకప్పుడు ఆవిడకి షిఫ్టు సూపర్‌వైజరు. పధ్నాలుగేళ్ల కిందట లైన్లో పెద్ద లీకు జరిగినప్పుడు, పంపులు ఆపి వాల్వు మూసి ఊరిని గట్టెక్కించింది ఆపరేటరమ్మ. ఆ పనికి బంగారు పూత వాల్వు బహుమతిగా అందుకున్నది మాత్రం సూపర్‌వైజరు. ఆ తర్వాత పిల్లలిద్దరూ ఇష్టపడి పెళ్లి చేసుకోవడంతో వీళ్లిద్దరూ వియ్యాలవారయ్యారు. వియ్యంకుడి ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఆవిడ ఆ వాల్వు ఎదురుగా కూర్చుని టీ తాగి రావలసి వచ్చేది.

ఇక అలా తాగదలచుకోలేదు.

* * *

శనివారం పొద్దున ఆవిడ ఇంట్లోంచి బయటపడటమే ఒక యుద్ధమైంది.

ఆవిడ భర్త కంపెనీ స్టోర్స్‌లో పనిచేసి, మూడేళ్ల ముందే రిటైరయ్యాడు. కాలనీలో అందరికీ ఆయన స్టోర్సాయన. మంచి మనిషి. గొంతెత్తి ఎరగడు. కుళాయి పాడైనా, కొడుకు అలిగినా, పక్కింటివాళ్లు గోడ ముందుకి జరిపి కట్టినా ఆయన దగ్గర ఉన్న మందు ఒకటే: "పోనిద్దూ". ఆ రోజు మాత్రం ఆ మాట అనలేదు. స్కూటరు తాళం కనిపించడం లేదన్నాడు. ఇల్లంతా వెతికాక అది ఆయన ప్యాంటు జేబులోనే దొరికింది. తాళం దొరికాక స్కూటరు మొరాయించింది. కిక్కు కొట్టి కొట్టి చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

"పెట్రోలు ట్యాపు మూసేశారు మీరు" అంది ఆవిడ వంగి చూసి.

"అవునా? ఎప్పుడు మూశానబ్బా!"

"ఎప్పుడు మూస్తేనేం, తెరవండి. లేదా నేను నడిచి పోతాను."

"నేనూ వస్తానుండు" అని లోపలికి వెళ్లి, చొక్కా మార్చుకోవడానికి ఒక పెళ్లికొడుక్కి పట్టినంత సేపు తీసుకుని, మళ్లీ పాత చొక్కాతోనే బయటికి వచ్చాడు. "కడుపులో ఏదోలా ఉంది" అన్నాడు.

"మీకు ఏదోలా ఉంటే నాకు పధ్నాలుగేళ్లుగా మండుతోంది. సోడా తాగి పడుకోండి."

ఆయన గేటు దాకా వెనకే వచ్చాడు. గేటు పట్టుకుని, వదలకుండా అన్నాడు: "చూడు, ఇస్తే తీసుకో. ఇవ్వకపోతే వచ్చెయ్. అంతేగానీ బావగారితో పాత మాటలు తియ్యకు. పిల్లలు బాగున్నారు. వాళ్ల మధ్య పుల్ల పెట్టినట్టవుతుంది."

"పిల్లల మధ్య కాదు, నా గుండెలో ఉంది పుల్ల" అని గేటు లాక్కుని ఆవిడ వెళ్లిపోయింది.

కాలనీ రోడ్డు మీద కూడా సుఖం లేదు. వార్త అప్పటికే ఊరేగింది గానీ సగమే ఊరేగింది. ఆవిడ దిగిపోతోందని అందరికీ తెలుసు, ఏం అడిగిందో తెలియదు. వెల్డరు భార్య బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా కేకేసింది: "వాచీ మాత్రం తీసుకోకండి అక్కా! మా ఆయనకిచ్చింది రెండేళ్లకే నిద్రపోయింది. సూట్‌కేసు తీసుకోండి, కనీసం దుప్పట్లు పెట్టుకోవచ్చు." నాలుగడుగులు వేసేసరికి గేటు దగ్గర కాపలాదారు లేచి నిలబడి, వాచీయే మేలని ఒట్టేసి చెప్పాడు. "కానీ అమ్మా, అది మగవాళ్ల వాచీ. మీ చేతికి రెండు చుట్లు తిరుగుద్ది" అని తనే నవ్వుకున్నాడు.

ఆవిడ నవ్వలేదు. కంపెనీ ఇన్నేళ్లలో ఆడమనిషి రిటైరవుతుందని ఊహించి ఉండదు. ఆహ్వానపత్రం నమూనాలో కూడా "ఆయన సేవలను" అనే ఉంది. కోడలు పట్టుకుని దిద్దించింది. దిద్దించిన కాగితంలో "ఆయన" పోయి "వారి" వచ్చింది. "ఆమె" అని రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

నడుస్తుంటే ఆ రోజు మళ్లీ కళ్లకి కట్టింది. ఎన్నిసార్లు కట్టిందో లెక్కలేదు. బయట కుండపోత. తెర మీద రెండు స్టేషన్ల మధ్య ప్రెషరు జారిపోతోంది. మెల్లగా కాదు, చేతిలోంచి గిన్నె జారినట్టు. నియమం ప్రకారం సూపర్‌వైజరుని అడిగి ఆపాలి. ఆయన కుర్చీలో లేడు. ఫోనెత్తలేదు. అవతలి స్టేషన్ వాడు "మీటరుకి పిచ్చిపట్టింది, ఆపకండి, ఆపితే పైవాళ్లు మన తాట తీస్తారు" అని అరుస్తున్నాడు. ఆవిడ ఆపింది. తన బుర్రతో, తన చేత్తో పంపులు ఆపి, దూరంగా ఉన్న వాల్వు మూయించింది. కారిన నూనె ఊరి బడి ప్రహరీ గోడ దాకా వచ్చి ఆగింది. ఇంకాసేపు ఊరుకుని ఉంటే గోడ దాటేది. గోడకి అవతల వంటశాల, వెలుగుతున్న పొయ్యి.

రెండు నెలల తర్వాత సభలో పిలిచిన పేరు విని ఐదో వరసలో కూర్చున్న ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. చేతులు వాటంతటవే కొట్టేశాయి. అన్నిటికంటే ఆ చప్పట్లకే ఆవిడకి తన మీద తనకి కోపం.

* * *

"రా చెల్లెమ్మా, రా రా" అంటూ సూపర్‌వైజరు పేపరు మడిచి లేచాడు. ముందురోజు రాత్రే కోడలు పుట్టింటికి వచ్చి విషయం చెప్పేసిందని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆయన చెప్పనివ్వదలచుకోలేదు. మోకాళ్ల నొప్పితో మొదలెట్టాడు. మోకాళ్ల నుంచి డాక్టరు మీదికి, డాక్టరు నుంచి కొత్తగా వేస్తున్న రోడ్డు మీదికి, రోడ్డు నుంచి నీళ్ల ట్యాంకు మీదికి వెళ్లాడు. ఆవిడ నోరు తెరిచిన ప్రతిసారీ ఆయన దగ్గర ఇంకో సంగతి సిద్ధంగా ఉంది.

"టీ తీసుకోండి వదినగారూ" అంటూ ఆయన భార్య కప్పు అందించి, ఎప్పటిలాగే నిలబడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. కోడలు గుమ్మానికి ఆనుకుని, అటు తండ్రినీ ఇటు అత్తగారినీ మార్చి మార్చి చూస్తోంది.

సోఫాకి ఎదురుగా షోకేసు. గాజు హంసకీ, పెళ్లి ఫొటోకీ మధ్య వాల్వు. జానెడు ఎత్తు, మెరిసే పూత, పైన చిన్న చక్రం. నున్నటి చెక్క పీఠం మీద పలక: "అసాధారణ అప్రమత్తతకు". దాని కింద ఆయన పేరు.

ఆపరేటరమ్మ కప్పు బల్ల మీద పెట్టేసింది. "సార్, నేను టీకి రాలేదు."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన్ని "అన్నయ్యగారూ" అనే పిలుస్తోంది. ఆ "సార్" వినగానే నీళ్ల ట్యాంకు సంగతి ఆయన గొంతులోనే ఆగిపోయింది.

"అమ్మాయి చెప్పింది" అన్నాడు. "అయినా అది ఒక మనిషికిచ్చింది కాదు చెల్లెమ్మా. షిఫ్టు మొత్తానికి ఇచ్చింది."

"దాని మీద షిఫ్టు పేరు లేదు కదా సార్."

"షిఫ్టుకి బాధ్యుణ్ణి నేనేగా! నువ్వు చెప్పకుండా ఆపేశావు. అది తప్పని తేలి ఉంటే ఎవరి మెడకి చుట్టుకునేది? నా మెడకి కాదూ?"

"తప్పయితే మీ మెడకి ఉరి, ఒప్పయితే మీ మెడలో దండ. మెడ మీదే, పని నాది. ఆ టైముకి మీరెక్కడున్నారో నేను ఇన్నేళ్లలో ఎవరితోనైనా అన్నానా?"

ఆయన తల దించుకున్నాడు. ఆ పూట ఆయన పంటినొప్పి భరించలేక, ఎవరికీ చెప్పకుండా దంతవైద్యుడి కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నాడని కంట్రోల్ రూముకంతా తెలుసు. పై ఆఫీసుకి ఎవరూ చెప్పలేదు.

"అనలేదు" అన్నాడు. "అది నీ మంచితనం."

"నా మంచితనం సంగతి ఎవరూ ఎత్తొద్దు. విని విని విసుగొచ్చింది. మంచిది కదా అని రాత్రి షిఫ్టు నాకే, మంచిది కదా అని పండగ రోజు డ్యూటీ నాకే, మంచిది కదా అని చప్పట్లు కొట్టింది కూడా నేనే."

సూపర్‌వైజరు విసురుగా లేచాడు. షోకేసు దగ్గరికి వెళ్లి అద్దం తలుపు లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. గాజు హంస ఊగింది. "పక్కకి జరపాలి నాన్నా, లాగకూడదు" అంది కూతురు. "నా ఇంట్లో షోకేసు తెరవడం నాకు నేర్పకు" అంటూ ఆయన ఇంకోసారి లాగి, చివరికి పక్కకే జరిపి, వాల్వు తీసి తెచ్చి ఆపరేటరమ్మ ఒళ్లో పెట్టాడు.

"తీసుకో. పలక పీకించి నీ పేరు చెక్కించుకో. సరేనా? ఇక దీని గొడవ వదిలెయ్."

ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఎంతో బరువుంటుందనుకుంది ఇన్నేళ్లూ. లోపల డొల్ల. చక్రం వేలితో తిప్పితే నిజంగానే తిరిగింది, దేన్నీ మూయకుండా, దేన్నీ తెరవకుండా. కోరింది చేతికొచ్చాక ఇంత చప్పగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు. ఏడుపొచ్చింది. ఏడవకూడదని ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది కాబట్టి ఆపుకుంది.

"ఇది కాదు సార్ నాకు కావలసింది. నెలాఖరున నా సభకి మీరెలాగూ వస్తారు. స్టేజీ ఎక్కి ఒక్క మాట చెప్పండి. ఆ రోజు ఆపింది ఈవిడ అని. అంతే. ఇది మళ్లీ మీ హంస పక్కనే పెట్టుకోండి."

"అది మాత్రం నా వల్ల కాదు."

"ఎందుకు కాదు?"

"కాదంటే కాదు."

"అదే, ఎందుకని అడుగుతున్నా."

"చెప్పానుగా చెల్లెమ్మా, కాదని."

"మీరు చెప్పింది కాదని. నేనడిగింది ఎందుకని. ముప్పై ఏళ్లు మీలాంటి వాళ్లతో వేగాను సార్. లీకు ఎక్కడంటే రిపోర్టు పంపామనేవాళ్లు, రిపోర్టు ఏదంటే లీకు చూస్తున్నామనేవాళ్లు. ఇవాళ ఇంటికొచ్చి అడిగినా అదే వరసా?"

ఆవిడ గొంతు అంతగా లేవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కోడలు "నాన్నా, ప్లీజ్, చెప్పేస్తే పోతుంది కదా. అత్తయ్య అడుగుతున్నది తప్పేం కాదు" అంది. ఆయన కూతురి వంక కోపంగా చూశాడు. ఆ కోపంలో ఎక్కడో భయం కూడా ఉంది.

అప్పుడు ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"చెప్పెయ్యండి" అంది మొగుడితో. "ఈవిడ ఆ సోఫాలో కూర్చుని దాని వంక చూస్తుంటే, ఆ చూపు చూడలేక వచ్చినప్పుడల్లా నేను వంటింట్లో దాక్కుంటున్నా. పొగరని అనుకుంటోందేమో కూడా. ఇంక నావల్ల కాదు."

"నువ్వు నోరు ముయ్."

"ముయ్యను. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

సూపర్‌వైజరు కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు మోకాలు నిమురుకున్నాడు. తర్వాత ఆపరేటరమ్మ వంక కాక, ఆవిడ ఒళ్లో ఉన్న వాల్వు వంక చూస్తూ అన్నాడు:

"నేను పై ఆఫీసుకి పంపిన పేరు నీదే."

"ఏమిటి?"

"నీదే. ఒట్టు. నా పంటి సంగతి బయటపడకుండా నువ్వు నన్ను కాచావు. కనీసం అదైనా చెయ్యాలనిపించింది. పేరు ఖాయమైంది. ఫొటో కావాలన్నారు, ఇంటికొచ్చి నీ గురించి పత్రికలో రాస్తామన్నారు. ఆ మర్నాడు బావగారు నా గదికి వచ్చాడు."

ఏ బావగారో అడగవలసిన పని లేదు. ఆయనకి బావగారు ఒక్కడే, స్టోర్సాయన.

"అప్పటికి వియ్యంకులం కాదు. మామూలుగా స్టోర్‌కీపరు. తలుపు దగ్గరగా వేసి, చేతులు పట్టుకున్నాడు. ఆవిడ పేరు తీసేయండి సార్, మీ పేరు పెట్టుకోండి, నేను ఎవరికీ చెప్పను, ఆవిడకీ చెప్పను అన్నాడు. ఎందుకయ్యా అన్నాను. ఎంత అడిగినా ఒకటే మాట."

"ఏం మాట?"

"ఆ ఇంట్లో నేను కూడా బతకాలి కదా సార్, అన్నాడు."

కోడలు గుమ్మం వదిలి వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది.

"భార్యకి పేరొస్తే చిన్నతనం అనుకున్నాడు కాబోలని ఊరుకున్నాను" అన్నాడు సూపర్‌వైజరు. "నేనేం తక్కువ తినలేదులే. వద్దు అనగలిగేవాణ్ణి. అనలేదు. ఇస్తామన్నప్పుడు నాకూ కావాలనిపించింది. ఇప్పుడు స్టేజీ ఎక్కి నీ పేరు చెబితే, అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారు. నీ మొగుడి పేరు చెప్పాలి. నీ కొడుకూ కోడలూ ముందు వరసలో కూర్చుని ఉంటారు. అందుకే కాదన్నాను. నాకు చేతకాక కాదు."

ఆపరేటరమ్మకి గుర్తొస్తున్నది వాల్వు కాదు. ఆ బహుమతి సభ రోజు సాయంత్రం భర్త తన పక్కన కూర్చుని వీపు నిమరడం గుర్తొచ్చింది. "పైవాళ్లంతా అంతే. మనలాంటి వాళ్లని పైకి రానివ్వరు. పోనిద్దూ" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆవిడ ఈ సంగతి తలుచుకుని రగిలిపోయినా అంతే ఓపికగా ఓదార్చాడు. పధ్నాలుగేళ్ల ఓదార్పు. ఆవిడకి ఒక్కసారిగా వీపు మీద జెర్రి పాకినట్టనిపించింది.

వాల్వుని చేతిసంచీలో పెట్టుకుంది. అది పూర్తిగా పట్టలేదు, చక్రం బయటికి పొడుచుకొచ్చింది.

"అత్తయ్యా, నేను కూడా వస్తా" అంది కోడలు.

"వద్దమ్మా. నువ్వు మీ నాన్న దగ్గరుండు."

* * *

ఇంటికి వచ్చేసరికి స్టోర్సాయన బల్ల ముందు కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. కడుపునొప్పి ఎటో పోయింది. సంచీలోంచి బయటికి వచ్చిన చక్రం చూసి ఆయన వేళ్లు ఆగాయి. ఆవిడ వాల్వు తీసి చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది.

"ఇచ్చేశాడన్నమాట" అన్నాడు. నవ్వబోయాడు. రాలేదు.

"వాల్వుతో పాటు ఇంకోటి కూడా ఇచ్చాడు. 'ఆ ఇంట్లో నేను కూడా బతకాలి కదా సార్.' ఎవరన్నారండీ ఆ మాట?"

ఆయన చిక్కుడుకాయ ఒకటి తీసి, తొక్క వలిచి, గింజలు పారేసి తొక్క గిన్నెలో వేశాడు.

"నన్ను చూడండి. నాకు పేరొస్తే మీకేం పోయేది? చెప్పండి. ఆ రోజే చెప్పి ఉంటే నేనే వద్దనేదాన్ని. నిజంగా. మీ కోసం వద్దనేదాన్ని. వెనకనుంచి వెళ్లి తీయించేసి, మళ్లీ వచ్చి నా వీపు నిమిరారు. ఇన్నేళ్లు ఆ మనిషిని తిట్టాను. ఆయన కూతుర్ని ఇంటికి తెచ్చుకుని కూడా మనసులో ఆయన్ని తిడుతూనే ఉన్నాను. మీరు వింటూ కూర్చున్నారు. నేను తిట్టిన తిట్లన్నీ మీకు తగలాల్సినవని తెలిసి కూడా కూర్చున్నారు!"

"అంత చిన్న మనసు కాదు నాది" అన్నాడాయన మెల్లగా.

"మరి?"

"నీకు పేరొస్తే నాకు చిన్నతనమని కాదు. బావగారు అలా అనుకున్నాడు. అనుకోనిచ్చాను. అదే మేలనిపించింది."

"ఏం మేలు? సరిగ్గా చెప్పండి. నన్ను ఇంకోసారి తిప్పకండి, పొద్దున్నుంచి తిరిగి తిరిగి ఉన్నాను."

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. చెప్పడం మొదలెట్టాక మాత్రం ఆగలేదు, ఎన్నాళ్ల నుంచో లోపల వరస పెట్టుకున్న మాటల్లా వచ్చేశాయి.

"ఆ లీకు వచ్చిన జాయింటుకి వేసిన రబ్బరు గ్యాస్కెట్టు నా స్టోర్స్ నుంచే వెళ్లింది. గడువు దాటిన సరుకు. కొత్తది రాలేదు, ఇంజనీరు నెత్తిన కూర్చున్నాడు, ఏదో ఒకటి ఇవ్వవయ్యా అన్నాడు. రబ్బరు గట్టిపడిపోయిందని చేత్తో పట్టుకుంటే తెలిసింది నాకు. అయినా ఇచ్చాను. వారంలోపే కారింది. విచారణ వాళ్లు వచ్చారు, నేల కుంగి పైపు కారిందని రాసుకుని పోయారు. స్టోర్స్ వైపు ఎవరూ చూడలేదు. నీ పేరొస్తే పత్రిక వాళ్లు ఇంటికొస్తారు. మీ ఆయనేం చేస్తారని అడుగుతారు. అదే కంపెనీలో స్టోర్‌కీపరంటావు. ఎవడో ఒకడు అటు చూడడా? ఆపింది పెళ్లాం, కారించింది మొగుడు అని ఊరంతా చెప్పుకోదా? బడి గోడ దాకా వచ్చింది ఆ నూనె. నేను... ఎలా బతకాలి ఈ ఇంట్లో?"

ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

ఇన్నేళ్లూ ఆవిడకి ఒక్కటే తెలుసు, తనకి రావలసింది సూపర్‌వైజరు ఎత్తుకెళ్లాడని. అసలు ఎత్తించింది ఎవరో తెలియడానికి ఈ పొద్దు దాకా పట్టింది. ఎందుకో తెలియడానికి ఈ నిమిషం దాకా. తెలిశాక కోపం ఎటు తిప్పాలో ఆవిడకి అర్థం కాలేదు. పేరు పోయినందుకు ఎదురుగా ఉన్న మనిషి మీద కోపం తెచ్చుకోబోతే, వెలుగుతున్న పొయ్యి పక్కన నిలబడ్డ బడి వంటమనిషి గుర్తొచ్చి ఆ కోపం చిన్నదైపోయింది. జాలిపడబోతే ఐదో వరస గుర్తొచ్చింది.

"ఇంకెవరికి తెలుసు?"

"ఆ ఇంజనీరుకి. పోయాడుగా ఆయన. ఇప్పుడు నీకు."

"మన అబ్బాయికి?"

"చెప్పకు" అన్నాడు. "నీ కాళ్లు పట్టుకుంటా. నన్నేమైనా అను. వాడికి మాత్రం చెప్పకు. స్టేజీ మీద ఆ మాటెత్తకు. ఇప్పుడు తీస్తే మళ్లీ మొదట్నుంచీ తవ్వుతారు. అప్పుడు ఎవరు ఎవరికి ఏమిచ్చారు, అప్పుడెందుకు మార్చారు, అన్నీ."

"నేనెత్తను" అంది ఆవిడ. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆవిడకే చిరాకేసింది. మళ్లీ తనే. మళ్లీ మంచిది కాబట్టి తనే. "మీ బావగారు కూడా చెప్పనన్నాడు లెండి. మీకు భయం లేదు. మీ ఇద్దరూ కలిసి నా నోరు బాగానే కుట్టారు."

అప్పుడే గేటు చప్పుడైంది. మెట్ల మీద పరుగులాంటి అడుగులు. కోడలు ఆయాసపడుతూ, మొహమంతా నవ్వుతో గుమ్మంలోకి వచ్చింది.

"అత్తయ్యా! ఫోన్ చేద్దామనుకున్నా, కానీ ఈ మాట మీ మొహం చూస్తూ చెప్పాలని పరిగెత్తుకొచ్చా. మీరు వెళ్లాక అమ్మ నాన్నని కూర్చోనివ్వలేదు, నిల్చోనివ్వలేదు. చివరికి ఒప్పుకున్నాడు. స్టేజీ ఎక్కి చెప్తాడట. మావయ్య పేరు రాకుండా ఎలాగో చెప్తానన్నాడు. మావయ్యా, మీరేం బెంగపడకండి. అంతే కాదు, మా జనరల్ మేనేజరుకి ఇప్పుడే, నా ముందే ఫోన్ చేసి ఆ రోజు ఆపింది మీరేనని చెప్పేశాడు. ఆయన ఎంత కదిలిపోయాడనుకున్నారు! ఆనాటి లీకు ఫైలు మొత్తం సోమవారం తన బల్ల మీద ఉండాలన్నాడట. మీ గురించి ప్రత్యేకంగా పుస్తకమే వేస్తారట!"

ఎత్తబోయిన గిన్నె స్టోర్సాయన చేతిలోంచి జారింది. చిక్కుడు తొక్కలు నేలంతా పరుచుకున్నాయి. కోడలు వంగి వాటిని ఎత్తుతూ, తల పైకెత్తి, కళ్లల్లో నీళ్లతో అడిగింది:

"ఇప్పుడు సంతోషమేనా అత్తయ్యా?"